ఆక్సిజన్ ప్లాంట్ల ఆపరేటర్‌గ నా అనుభవం: కరెంటు పోయిన రోజులల్లనే పని నేర్చుకున్న

ఏం పని చేస్తవ్ అని ఎవలన్న అడిగితే గ్యాస్ ప్లాంట్ల ఆపరేటర్ అని చెప్త. వెంటనే "అన్నా మాకొక సిలిండర్ ఎక్స్‌ట్రా ఇప్పియ్యవా" అంటరు. మా అత్తగారింట్ల ఇప్పటికీ నేను వంట గ్యాస్ నింపుత అనే అనుకుంటరు, చెప్పి చెప్పి యాష్టకొచ్చి ఇడిసిపెట్టిన. మాది ఆక్సిజన్. గాలిని గుంజి, దాన్ని చల్లబరిచి నీళ్ల లెక్క చేసి, అండ్లకెళ్లి ఆక్సిజన్ వేరు చేసి సిలిండర్లల్ల కొట్టి అమ్ముడు. ముడిసరుకు పుణ్యానికే దొరుకుతది గదా, ఇంక లాభమే లాభం అనుకోకుండ్రి, మొత్తం కరెంటు బిల్లే. మా ప్లాంట్ల ఒక్క పెద్ద సిలిండర్ నింపాలంటే ఎనిమిది తొమ్మిది యూనిట్లు కాలేది.

నేను చేరింది 2012 ల. ఐటీఐ ఫిట్టర్ అయిపోయి, హైదరాబాద్ పోదామా సింగరేణిల అప్రెంటిస్ చేద్దామా అని తిరుగుతున్న టైం, కాజీపేట దిక్కు ఒక చిన్న ఆక్సిజన్ ప్లాంట్ల హెల్పర్ కావాలన్నరని మా బావ తీస్కపోయిండు. కంపెనీ పేరు చెప్ప, ఇప్పటికీ అక్కడనే తింటున్న. జీతం 5,500, పన్నెండు గంటల డ్యూటీ, వారం పగలు వారం రాత్రి. గంటకు 100 క్యూబిక్ మీటర్ల ప్లాంట్, అంటే గంటకు పద్నాలుగు సిలిండర్లు. పెద్ద సిలిండర్‌ల 7 క్యూబిక్ మీటర్లు పడుతది, 150 కేజీ ప్రెషర్ మీద (చదరపు సెంటీమీటరుకు ఇన్ని కేజీలు అని లెక్క).

మొదటి వారమే దెబ్బ తిన్న. ఫిట్టర్ అంటే మనకు మొదలు నేర్పేదే నట్టు బిగుసుకుంటే జెర నూనె వెయ్యి, జెర గ్రీజు పెట్టు అని. మానిఫోల్డ్ (సిలిండర్లు వరుసగ తగిలించి నింపే పైపు) కాడ ఒక నట్టు తిరుగుతలేదు, నేను తెలివి చూపెట్టుకుందామని కంప్రెసర్ రూంల నుంచి వేలితో ఇంత గ్రీజు తెచ్చి మరల మీద రాసిన. పెద్ద ఆపరేటర్ చూసిండు. ఆయనను అందరం పెద్దన్న అంటుంటిమి, జీడిమెట్లల ఇరవై ఏండ్లు చేసి వచ్చినాయన, ఎన్నడు గట్టిగ మాట్లాడడు. ఆ రోజు మాత్రం ఉరికొచ్చి నా చెయ్యి గుంజి ఈపుల ఒక్కటి గుద్దిండు. లైన్ బంద్ చేసి, ఆ నట్టు ఊడదీసి, టీసీఈ అని ఒక మందు ఉంటది దానితో రెండు సార్లు కడిగి ఆరబెట్టి మళ్ల పెట్టిండు. అంతా అయినంక కూసోబెట్టి చెప్పిండు: "బిడ్డా, ఆక్సిజన్ దానంతట అది అంటుకోదు, గాని 150 కేజీల ప్రెషర్ల దానికి నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లే. ఐటీఐల నేర్చింది అంతా యాదుంచుకో, నూనె సంగతి ఒక్కటి మర్చిపో." అప్పటి నుంచి కొత్త హెల్పర్ వస్తే నేను మొదలు వాని చేతులు చూస్త, తలకు కొబ్బరి నూనె దట్టంగ పెట్టుకొని అదే చేతితోని వాల్వ్ పట్టుకునేటోళ్లు మస్తుమంది ఉంటరు.

ఇగ అసలు ముచ్చట. 2012, 13 ల మనకు పవర్ హాలిడేలు ఉండె, యాదున్నదా? ఫ్యాక్టరీలకు వారానికి రెండు మూడు రోజులు కరెంటే ఉండకపోయేది. వేరే ఫ్యాక్టరీలల్ల బటన్ బంద్ చేస్తే బందైతది, వత్తితే చాలైతది. గాలి ప్లాంట్ గట్ల కాదు. కోల్డ్ బాక్స్ అని ఒకటి ఉంటది, రెండంతస్తుల ఇల్లంత ఎత్తు ఇనుప డబ్బా, లోపల కాలమ్స్ (గ్యాస్‌లు వేరు చేసే పొడుగు గొట్టాలు), చుట్టూ పెర్లైట్ అని తెల్ల పొడి నింపి ఉంటది, చలి బయటికి పోకుండ. లోపల ఆక్సిజన్ మైనస్ 183 కాడ మరుగుతది, నైట్రోజన్ మైనస్ 196 కాడ. ఈ పదమూడు డిగ్రీల తేడా మీదనే మా అందరి బువ్వ. నడుస్తున్నప్పుడు కాలమ్‌ల పైనుంచి కింది దాక ట్రేల మీద లిక్విడ్ నిలబడి ఉంటది, కింది నుంచి ఆవిరి దాని నడుమల నుంచి పైకి పోతది. కరెంటు పోయిందంటే ఆవిరి ఆగుతది, ట్రేల మీద ఉన్నదంతా జారి కిందికి పడుతది, వేరు చేసిన ఆక్సిజన్, నైట్రోజన్ మళ్ల కలిసిపోతయ్. పది నిమిషాలు కరెంటు పోతే నష్టం పది నిమిషాలు కాదు, మళ్ల ప్యూరిటీ రావాలంటే గంటన్నర, రెండు గంటలు. రెండు రోజులు బంద్ ఉంటే నాలుగైదు గంటలు. మొత్తం డిఫ్రాస్ట్ చేసి వేడి మీద నుంచి చాలు చేస్తే ఎనిమిది గంటల పైనే.

మంచిగ నడిచే ప్లాంట్లల్ల ఆపరేటర్లు ఏడాదికి రెండు మూడు సార్లు స్టార్టప్ చూస్తరేమో, మేము వారం వారం చేసినం. ఓనర్ నెత్తి పట్టుకునేది, మాకు మాత్రం ఫుకట్ ట్రైనింగ్.

పొద్దుగాల ఆరింటికి కరెంటు అంటే పెద్దన్న నాలుగున్నరకే వస్తుండె. కూలింగ్ వాటర్ పంప్ తయారుగ పెట్టి, కంప్రెసర్‌ను చేత్తోని ఒక రౌండ్ తిప్పి చూసి, అన్ని డ్రెయిన్లు ఇప్పి, కరెంటు రాంగనే మోటర్ ఏసుడు. తర్వాత గాలి మాలిక్యులర్ సీవ్ బ్యాటరీలల్లకెళ్లి పోతది, కరెంటు బ్యాటరీలు కాదు, తేమ పీల్చే గుండ్లు నింపిన డ్రమ్ములు, అవి రెండు, ఒకటి పని చేస్తుంటే ఒకటి వేడి నైట్రోజన్‌తో ఆరుతుంటది, ఎనిమిది పది గంటలకొకసారి మార్చాలె. గాలిల ఉన్న తేమ, కార్బన్ డయాక్సైడ్ అక్కడనే ఆగాలె, లేకుంటే లోపల మంచు అయి పైపులల్ల ఇరుక్కుంటది. తర్వాత ఎక్స్‌పాండర్ చాలు చేసుడు, ప్రెషర్ల ఉన్న గాలిని ఒక్కసారి వదులు చేసి చల్లబరిచే మిషన్ అది. స్టార్టింగ్‌ల ప్రెషర్ 40 కేజీల పైన పెట్టుకొని, చలి వస్తుంటే మెల్లగ దించుకుంట 30 దగ్గరికి తెచ్చుకోవాలె.

అప్పుడు మొదలైతది అసలు ఓపిక. రెండు గంటలు ఏం కనపడదు, టెంపరేచర్ ముళ్లు మెల్లగ కిందికి జారుతుంటయ్ అంతే. పెద్దన్న కుర్చీ కోల్డ్ బాక్స్‌కు ఆన్చుకొని కండ్లు మూసుకుంటుండె, నిద్ర పోతున్నడనుకునేటోన్ని. ఒక రోజు టక్కున లేచి "పడుతున్నది" అన్నడు. ఏం పడుతున్నది? గేజ్ ల చూస్తే ఏం లేదు. ఐదు నిమిషాలకు కండెన్సర్ (లిక్విడ్ ఆక్సిజన్ జమయ్యే భాగం) లెవెల్ గేజ్‌ల రంగు నీళ్లు ఒక్క గీత లేచింది. ఎట్ల తెలిసింది పెద్దన్నా అంటే, ఎక్స్‌పాండర్ సప్పుడు మారింది అన్నడు. లిక్విడ్ తయారుకు వచ్చినప్పుడు ఆ సప్పుడు కొంచెం బరువైతదట. నాకు అది వినబడనికి ఆరేడు నెలలు పట్టింది, నిజంగ. ఇప్పుడు నేను రాత్రి డ్యూటీల పడుకున్నా సప్పుడు మారితే లేస్త, కాని ఇంట్ల మా ఆవిడ పక్కనే ఉండి పిలిస్తె వినపడదు, గట్టిగ మాట్లాడుతున్నవని రోజు లొల్లి. కంప్రెసర్ పక్కన చెవులల్ల దూది పెట్టుకొని చేసినం అప్పుడు, ఇయర్ మఫ్‌లు తర్వాత ఎప్పుడో వచ్చినయ్.

లిక్విడ్ పడ్డంక రిచ్ లిక్విడ్ (ఆక్సిజన్ ఎక్కువున్నది) వాల్వ్, పూర్ లిక్విడ్ (ఆక్సిజన్ తక్కువున్నది) వాల్వ్ రెండు పట్టుకొని వెంట్రుక వాసి తిప్పుకుంట ఉండాలె. తొందర పడి జెర ఎక్కువ తిప్పితే ప్యూరిటీ పడిపోతది, అరగంట వెనుకకు. ప్యూరిటీ చూసుడు కూడ మా దగ్గర పాతకాలం పద్ధతే: గాజు బ్యూరెట్‌ల వంద ఎంఎల్ గ్యాస్ పట్టి, రాగి తీగ చుట్టలు, అమ్మోనియా నీళ్లు ఉన్న బుడ్డిలకు పంపి ఊపుతే ఆక్సిజన్‌ను రాగి గుంజుకుంటది, మిగిలింది ఎంతనో అంత మైల. అర ఎంఎల్ మిగిలితే 99.5. ఆ నీళ్లు ఎంత నీలం ఉంటయంటే మా దోస్తు ఒకడు ఇది ఉజాలానా అన్నడు. మూత తీస్తే అమ్మోనియాకు కండ్లల్ల నీళ్లు. 99.5 రాకముందే ఓనర్ "నింపుడు చాలు చెయ్ రాదు" అని ఫోన్ మీద ఫోన్ చేస్తుంటడు, పెద్దన్న ఫోన్ ఎత్తకపోయేది.

నింపుడు కాడ నేర్చుకునేది వేరే. పది సిలిండర్లు మానిఫోల్డ్‌కు పెడితే నలభై నిమిషాల పైన పడుతది. నడుమ చెయ్యి పెట్టి చూసుకుంట పోవాలె, గ్యాస్ ఎక్కుతున్న సిలిండర్ వెచ్చగ అయితది. పదిట్ల ఒకటి చల్లగ ఉన్నదంటే దాని వాల్వ్ తెరువలేదనో మూసుకపోయిందనో లెక్క. అది చూడకుంట పంపితే ఉత్త సిలిండర్ ఎవలో పేషెంట్ కాడికి పోతది. ఇంకోటి, నింపే ముందు సిలిండర్‌ను చిన్న సుత్తితోని మెల్లగ కొట్టి వినాలె, మంచిదైతే గుడి గంట లెక్క టంగ్‌మని సాగుతది, మొద్దు సప్పుడు వచ్చిందంటే పక్కన పెట్టుడే. ఐదేండ్లకొకసారి హైడ్రో టెస్ట్ చేసిన తారీఖు మెడ మీద కొట్టి ఉంటది, అది కూడ చూడాలె. నల్ల సిలిండర్‌కు తెల్ల మెడ ఉంటే మెడికల్. ఖాళీ సిలిండరే యాభై కిలోల పైన ఉంటది, దాన్ని ఎత్తరు, ఒక పక్క వంచి అంచు మీద దొర్లిస్తరు, బాగ వచ్చినోడు రెండు చేతులతో రెండు దొర్లిస్తడు. మేడారం జాతర వచ్చిన ఏడు హెల్పర్లు ఒక్కరుండరు, అందరు సమ్మక్క సారక్క కాడనే, ఆ నాలుగు రోజులు ఆపరేటర్లమే దొర్లించుకునుడు. నడుము నొప్పి అప్పటిదే.

ఒక రోజు మాత్రం మర్చిపోను. జూన్ మొదలు, మొదటి వాన పడ్డ తెల్లారి. నేను గాలి గుంజే ఫిల్టర్ దిక్కు పోతే కమ్మగ ఎల్లిగడ్డ వాసన. ఎవలో మామిడికాయ తొక్కు పెడుతున్నరు అనుకున్న, ఆ రోజులే గదా. వచ్చి మాట వరుసకు పెద్దన్నతోని "పక్కపొంటి ఎవలో తొక్కు పెడుతున్నరు" అన్న. ఆయన చాయ్ గ్లాస్ అట్లనే పెట్టి ఉరికిండు, వాసన చూసి నేరుగ పోయి కంప్రెసర్ బంద్ చేసిండు. నాకు ఏం సమజ్ కాలే. గోడ అవతల వెల్డింగ్ షెడ్ ఆయన కార్బైడ్ సున్నం గోడ పక్కకు పారబోసిండు, దానికి వాన నీళ్లు తగిలి అందులో మిగిలిన కార్బైడ్ నుంచి ఎసిటిలిన్ గ్యాస్ వస్తున్నది, ఆ వాసన దానిది. అది మా గాలిల కలిసి లోపలికి పోతే కండెన్సర్‌ల లిక్విడ్ ఆక్సిజన్‌ల కొంచెం కొంచెం పేరుకుంటది, గడ్డ కడుతది, ఒక దినం కోల్డ్ బాక్స్ లేచిపోతది. ప్రతి షిఫ్ట్‌ల కండెన్సర్ నుంచి కొంచెం లిక్విడ్ డ్రెయిన్ చెయ్యాలని రోజు చెప్పేది గందుకే, నేను ఉత్తగ పారబోసుడెందుకు అని కొన్ని సార్లు ఎగ్గొట్టిన కూడ, ఇప్పుడు ఒప్పుకుంటున్న. ఆ రోజు లిక్విడ్ మొత్తం డ్రెయిన్ చేసి, సున్నం ట్రాక్టర్ల ఎత్తిపోపించి, తెల్లారి గాని చాలు చెయ్యలే. ఓనర్ వచ్చి ఒక రోజు ప్రొడక్షన్ పోయిందని మీద పడ్డడు. పెద్దన్న ఒక్కటే అన్నడు, "మీరు చాలు చెయ్యుండ్రి సార్, నేను గేటు బయట నిలబడత."

తెలంగాణ వచ్చినంక కరెంటు మంచిగైంది, పవర్ హాలిడేలు పోయినయ్, పెద్దన్న మోకాళ్ల నొప్పులని 2017 ల ఊరికి పోయిండు, నేను ఆపరేటర్ అయిన. నడుమ కొన్నేండ్లు చెప్పుకునేది ఏం లేదు. కాజీపేట, ఆటోనగర్, భూపాలపల్లి దిక్కు ఇనుము కటింగ్ చేసేటోళ్లు, కొన్ని దవాఖానలు, రోజుకు మూడొందల సిలిండర్లు, అంతే.

2021 ఏప్రిల్ ల అంతా తలకిందులైంది. ఏప్రిల్ 22 నుంచి ఇండస్ట్రీలకు ఆక్సిజన్ అమ్ముడు బంద్ పెట్టిన్రు, కొన్నిటికి తప్ప, అంతా దవాఖానలకే. హైదరాబాద్ నుంచి ఖాళీ ట్యాంకర్లు మిలిటరీ విమానాలల్ల ఒడిశాకు పంపిన్రు, టీవీల చూసే ఉంటరు. మా గేటు కాడ పోలీసులు, ఆఫీస్ రూంల రెవెన్యూ ఆయన రిజిస్టర్ పట్టుకొని. ములుగు, మానుకోట, పరకాల, జనగాం నుంచి కార్లు, ఆటోలు, ట్రాలీలు. ఇంటికి పోకుంట పద్దెనిమిది రోజులు ప్లాంట్లనే ఉన్న, మా ఆవిడ టిఫిన్ గేటు కాడ పెట్టి పోయేది.

ఒక పిల్లగాడు, ఇరవై ఏండ్లు ఉంటయేమో, టీవీఎస్ ఎక్సెల్ మీద ముందల ఒక సిలిండర్ పడుకోబెట్టుకొని వచ్చిండు. మెరూన్ రంగు సిలిండర్. వెల్డింగ్ షాప్‌ల ఎవలో పైసలు తీసుకొని ఇచ్చిన్రట, అది ఎసిటిలిన్ ది. లోపల స్పాంజ్ లెక్క బొక్కలున్న సరుకు, ఎసిటోన్ ఉంటది, దాంట్ల ఆక్సిజన్ కొట్టుడంటే బాంబ్ తయారు చేసుడే. నింపరాదు తమ్మీ అంటే వాడు వినడు, "రంగు ఏదైతే ఏంది అన్నా, మా నాయినకు ఊపిరి ఆడ్తలేదు" అని కాళ్లు పట్టుకున్నడు. వాల్వ్ మరలు కూడ వేరే ఉంటయ్ చూడు అని చూపెట్టిన, ఎందుకు చూపెట్టిన్నో నాకే తెల్వదు, అప్పుడు వానికి మరలు ఎందుకు. మా ప్లాంట్ల ఎమర్జెన్సీ కోసం పెట్టుకున్న చిన్న సిలిండర్ ఒకటి ఉండె, రిజిస్టర్ ఆయన దిక్కు చూసిన, ఆయన పేజీ తిప్పుకుంట అటు చూసిండు. ఇచ్చి పంపిన. వాని నాయిన ఏమైండో తెల్వదు, సిలిండర్ మాత్రం జూన్ ల వాపస్ వచ్చింది, గేటు కాడ ఎవలో పెట్టి పోయిన్రట.

మే నెలల ఒక సాయంత్రం గాలిదుమారం లేచి 11 కేవీ లైన్ మీద చెట్టు కొమ్మ పడ్డది. కరెంటు ఇరవై రెండు నిమిషాలు లేదు. బయట నలభై బండ్లు ఉన్నయ్. కరెంటు పోంగనే చేసే పని ఒకటుంటది, ఏ వాల్వ్ ముందు మూయాలె ఏది తర్వాత మూయాలె అని, సక్కగ మూస్తే లోపల చలి, లిక్విడ్ ఆగుతది. చీకట్ల టార్చ్ లేకుంటనే మూసిన, చేతులకు ఆ పవర్ హాలిడేల అలవాటు. వచ్చినంక గంటా పది నిమిషాలకే 99.5 పట్టిన, మామూలుగ అయితే అది రెండు గంటల పని. తొందర పడి అరగంట ముందే 97 మీద నింపుమని ఆఫీస్ రూంల నుంచి ఒకాయన అన్నడు, నేను పెద్దన్న లెక్కనే వినబడనట్టు ఊకున్న. చెవుడు ఉండుడు కూడ ఒక్కోసారి మంచిదే.

ఆ తర్వాత మా పని పల్చబడ్డది. దవాఖానలల్లనే పీఎస్‌ఏ ప్లాంట్లు (గాలిని నీళ్ల లెక్క చెయ్యకుంటనే ఆక్సిజన్ వేరు చేసేటియి) పెట్టిన్రు, అవి 93 శాతం దగ్గర ఇస్తయ్, పేషెంట్లకు నడుస్తది. పెద్ద దవాఖానలకు లిక్విడ్ ట్యాంకులు వచ్చినయ్. మా ఓనర్ కూడ లెక్క చూసుకుంటే సొంతంగ తయారు చేసుడు కంటే స్టీల్ ప్లాంట్ల దిక్కు నుంచి లిక్విడ్ కొనుక్కొని నింపుడే సస్త పడ్డది. పది టన్నుల ట్యాంకర్ వస్తే వెయ్యి సిలిండర్ల దాక వెళ్తయ్, ఒక పంప్, లిక్విడ్‌ను గ్యాస్ చేసే ఒక వేపరైజర్, ఇద్దరు మనుషులు సరిపోతరు. నేను ఉన్న, జీతం 19,000, ఎనిమిది గంటలే డ్యూటీ. ఐటీఐ పిల్లలు చేరాల్నా అన్నా అని అడుగుతరు. చేరుండ్రి, కాని లిక్విడ్ ఫిల్లింగ్‌ల ఏడాది కంటే ఎక్కువ ఉండకుండ్రి, అండ్ల నేర్చుకునేది తక్కువ. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ లెక్క పెద్ద గ్యాస్ ప్లాంట్లకు పోవాలంటే డిప్లొమా చదువుకోండ్రి.

పోయిన సంక్రాంతి ముందు మా కోల్డ్ బాక్స్‌ను స్క్రాప్ కు ఇచ్చిన్రు. కింద మూత ఇప్పంగనే పెర్లైట్ బస్తాల కొద్ది జారింది, అందరం పిండి గిర్నీల నుంచి వచ్చినోళ్ల లెక్క అయినం. పదేండ్లు గేజ్‌ల మీద చూసిన కండెన్సర్‌ను మొదటిసారి కండ్లతోటి చూసిన, నా నడుము దాక కూడ లేదు. దాన్ని కోయనికి స్క్రాప్ వాళ్లు తెచ్చుకున్న సిలిండర్ మీద మా కంపెనీ ముద్రనే ఉంది, నేను మొన్న నింపిందే.

పెద్దన్నకు ఫోన్ చేసి చెప్పిన, ఇట్ల కోల్డ్ బాక్స్ కోస్తున్నరు అని. చాలసేపు ఏం మాట్లాడలే. తర్వాత అడిగిండు, "డ్రెయిన్ చేసిన్రా ముందు?"

రెండేండ్ల సంది బంద్ ఉంది గదా పెద్దన్నా, ఏముంటది అండ్ల అన్న.

"అయినా చూసినవా" అన్నడు.